సీసాలు కడిగిన చేతులు

పెద్దమందడి, వనపర్తి, నాగర్‌కర్నూల్, గద్వాల ప్రాంతాల సంఘాలకు వలస అన్నది కొత్త మాట కాదు. మన తాతలు, తండ్రులు తట్ట, పార పట్టుకుని దేశమంతా తిరిగారు. ఆనకట్టలు కట్టారు, కాలువలు తవ్వారు, పట్నాల్లో మేడలు లేపారు. పాలమూరు లేబర్ అన్న పేరు అలా వచ్చిందే. ఇప్పుడు వారి మనవలు ఐటీఐలలో చదువుతున్నారు. వనపర్తి రాజావారి ప్యాలెస్‌లో 1959లో మొదలైన పాలిటెక్నిక్‌లో డిప్లొమా చేస్తున్నారు. ఫిట్టర్‌గానో, వెల్డర్‌గానో, ఎలక్ట్రీషియన్‌గానో, అదీ కుదరకపోతే కాంట్రాక్టరు కింద హెల్పర్‌గానో ఏదో ఒక పెద్ద పరిశ్రమ గేటు లోపలికి అడుగు పెడుతున్నారు.

అలాంటి పెద్ద పరిశ్రమల్లో అణువిద్యుత్తు ఒకటి. తెలుగు రాష్ట్రాల్లో అణువిద్యుత్ కేంద్రం ఇంకా లేదు గాని, దానికి కావలసిన వాటిలో చాలా భాగం ఇక్కడే తయారవుతుంది. కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియం గని ఉంది. మణుగూరులో భారజలం తీస్తారు. హైదరాబాదులోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో ఇంధన కట్టలు చేస్తారు. రియాక్టర్లను అదుపులో ఉంచే ఎలక్ట్రానిక్ పరికరాలు ఈసీఐఎల్‌లో తయారవుతాయి. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టిన ఎ.ఎస్. రావు గారు 1967లో మొదలుపెట్టి నడిపిన సంస్థ అది. పొరుగు రాష్ట్రాల్లో కైగా, కూడంకుళం కేంద్రాలున్నాయి. ఇలాంటి చోట్ల శాస్త్రవేత్తల పేర్లు పత్రికల్లో వస్తాయి. గొట్టాలు తుడిచేవారు, బోల్టులు బిగించేవారు, నేల కడిగేవారు, బరువులు మోసేవారు కూడా అక్కడే ఉంటారు. వారి పేర్లు హాజరు పట్టీ దాటి బయటికి రావు.

ఇంటికి వచ్చాక వారి పరిస్థితి ఏమిటి? అబ్బాయి ఏం చేస్తాడని అడుగుతాం. హెల్పర్ అని చెబితే మన ముఖం మారుతుంది. పర్మనెంటా, కాంట్రాక్టా అన్నది రెండో ప్రశ్న. కాంట్రాక్టు అనగానే పెళ్లి మాటలు ఆగిపోతాయి. ఆదివారం ఆఫీసరు గారు ఆరాధనకు వస్తే ముందు వరుసలో కుర్చీ ఖాళీ అవుతుంది. హెల్పర్ వస్తే చెప్పుల దగ్గర ఎక్కడో సర్దుకుంటాడు. ఈ తేడా మన సంఘాల్లో లేదని మనం నిజాయితీగా చెప్పగలమా?

అణుకేంద్రంలో కరెంటు ఎలా పుడుతుందో ఒక్క క్షణం చూద్దాం. యురేనియం పరమాణువులు చీలినప్పుడు వేడి పుడుతుంది. ఆ వేడికి నీరు ఆవిరి అవుతుంది. ఆవిరి టర్బైనును తిప్పుతుంది. టర్బైనుకు బిగించిన జనరేటరులో అయస్కాంతం, రాగి తీగచుట్టల మధ్య కదలిక వల్ల కరెంటు వస్తుంది. బొగ్గు కేంద్రమైనా, శ్రీశైలం లాంటి జలవిద్యుత్ కేంద్రమైనా, అణుకేంద్రమైనా చివరికి జనరేటరు దగ్గర పనిచేసేది ఇదే సూత్రం. దాన్ని కనిపెట్టిన మైకేల్ ఫారడే ప్రయోగశాలలో అడుగుపెట్టింది సీసాలు కడిగే హెల్పర్‌గానే. అందుకే ఈ వారం ఆయన బ్రతుకును మీ ముందు ఉంచుతున్నాం.

కమ్మరి ఇంటి పిల్లవాడు

ఫారడే 1791 సెప్టెంబరు 22న లండన్ శివారులో పుట్టాడు. తండ్రి జేమ్స్ కమ్మరి. ఉత్తర ఇంగ్లండు పల్లె నుంచి బ్రతుకుతెరువు కోసం పట్నానికి వలస వచ్చిన కుటుంబం వారిది. తండ్రికి ఆరోగ్యం సరిగా ఉండేది కాదు, తరచు కొలిమి పనికి వెళ్లలేకపోయేవాడు. 1801లో ధరలు మండిపోయిన రోజుల్లో పిల్లవాడికి వారానికి ఒక రొట్టె ఇచ్చి, దాంతోనే సరిపెట్టుకోమనే స్థితి వచ్చింది. చదవడం, రాయడం, కాసిని లెక్కలు, అంతటితో బడి చదువు ముగిసింది.

పదమూడేళ్లకు జార్జ్ రీబో అనే పుస్తకాల వ్యాపారి దగ్గర పనికి కుదిరాడు. ఆ రోజుల్లో వార్తాపత్రికలను అద్దెకిచ్చేవారు. ఒక ఇంట్లో పత్రిక ఇచ్చి, వారు చదివాక తెచ్చి మరో ఇంట్లో ఇవ్వడం ఆ పిల్లవాడి పని. మరుసటి ఏడు రీబో అతన్ని పుస్తకాల బైండింగు నేర్చుకునే అప్రెంటిస్‌గా తీసుకున్నాడు. ఏడేళ్ల ఒప్పందం. మామూలుగా అప్రెంటిస్ ఇంటివారు యజమానికి రుసుము కట్టాలి. పిల్లవాడి నమ్మకమైన పని చూసి రీబో ఆ రుసుము వదులుకున్నాడు.

కుట్టడానికి వచ్చిన పుస్తకాలను ఫారడే చదవడం మొదలుపెట్టాడు. విజ్ఞాన సర్వస్వంలో విద్యుత్తు గురించిన వ్యాసం, జేన్ మార్సెట్ అనే ఆవిడ మామూలు జనం కోసం రాసిన రసాయన శాస్త్ర పుస్తకం అతని మనసు పట్టుకున్నాయి. పని మాని చదువుతున్నావా అని యజమాని కసరలేదు. చిన్న చిన్న ప్రయోగాలు చేసుకోనిచ్చాడు, దుకాణానికి వచ్చే పెద్దమనుషులకు ఈ కుర్రవాడు రాసుకున్న నోట్సు గర్వంగా చూపించాడు. సాయంత్రాలు జరిగే సైన్సు ఉపన్యాసాలకు వెళ్లాలంటే ఒక్కోదానికి ఒక షిల్లింగు కావాలి. ఆ డబ్బు ఇచ్చింది అతని అన్న రాబర్టు, అతనూ కమ్మరే. ఆ ఉపన్యాసాల నోట్సును బైండు చేసి ఫారడే తన యజమాని రీబోకు అంకితమిచ్చాడు.

1812లో రీబో దుకాణానికి వచ్చే విలియం డాన్స్ అనే సంగీతకారుడు అతనికి రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో హంఫ్రీ డేవీ ఉపన్యాసాలకు టికెట్లు ఇప్పించాడు. డేవీ ఆ కాలంలో ఇంగ్లండు అంతటికీ పేరు మోసిన రసాయన శాస్త్రవేత్త. ఫారడే ఆ ఉపన్యాసాలు విని, శుభ్రంగా రాసి, బొమ్మలు వేసి, బైండు చేసి డేవీకి పంపాడు. తగిన చోటు ఖాళీ అయితే గుర్తు పెట్టుకోమని వేడుకున్నాడు. అంతకు ముందు రాయల్ సొసైటీ అధ్యక్షుడికి కూడా ఉత్తరం రాశాడు గాని, దానికి జవాబు రాలేదు. కొన్నాళ్లకు డేవీ ప్రయోగశాలలో సహాయకుడు ఎవరితోనో గొడవపడి ఉద్యోగం పోగొట్టుకున్నాడు. 1813 మార్చి 1న ఆ చోటు ఫారడేకు దొరికింది. వారానికి 25 షిల్లింగులు, పై అంతస్తులో రెండు గదులు, బొగ్గు, కొవ్వొత్తులు. పని ఏమిటంటే సీసాలు, గిన్నెలు కడగడం, పరికరాలు సర్దడం, ఉపన్యాసకుడి వెనుక నిలబడి అందివ్వడం. పేలుడు స్వభావమున్న రసాయనాలతో ప్రయోగాలు జరిగేటప్పుడు ప్రమాదంలో పాలు కూడా ఉండేది. మొదటి వారాల్లోనే ఒక పేలుడులో అతని చేతికి గాయమైంది.

వేరే బల్ల

ఆ ఏడాది అక్టోబరులో డేవీ భార్యతో కలిసి ఐరోపా యాత్రకు బయలుదేరాడు. ఫారడే శాస్త్ర సహాయకుడిగా వెంట వెళ్లాలి. చివరి నిమిషంలో డేవీ సొంత సేవకుడు రానన్నాడు. పారిస్‌లో వేరే మనిషి దొరికేదాకా ఆ పనులు కూడా కాస్త చూడమని డేవీ కోరాడు. పారిస్‌లోనూ ఎవరూ దొరకలేదు, తర్వాతా దొరకలేదు. బట్టలు సర్దడం, సామాను చూడడం ఫారడే మీదే పడ్డాయి.

అదైనా అతనికి అంత బరువుగా తోచలేదు. బరువుగా తోచింది లేడీ డేవీ తీరు. ధనవంతురాలైన ఆవిడ అతన్ని శాస్త్ర విద్యార్థిగా కాక నౌకరుగానే చూసింది. నౌకరునని అతనికి ప్రతి మాటలో గుర్తు చేసింది. అతను తినవలసింది పనివారితో. జెనీవాలో డేవీకి ఆతిథ్యమిచ్చిన దె లా రీవ్ అనే పండితుడు ఈ యువకుడి తెలివిని గమనించి తమ బల్ల దగ్గర కూర్చోబెట్టుకోవాలనుకున్నాడు. డేవీ దంపతులకు అది నచ్చలేదు. చివరికి ఫారడేకు వేరే గదిలో భోజనం పెట్టించారని ఆయన జీవిత చరిత్రలు చెబుతాయి. యాత్ర విడిచి వెనక్కి వచ్చేద్దామని ఒకటి రెండుసార్లు అతనికి అనిపించింది. నేర్చుకునే అవకాశం కోసం ఓర్చుకున్నాడు. ఆ యాత్రలోనే అయొడిన్ మీద, వజ్రం మీద జరిగిన ప్రయోగాలు దగ్గరుండి చూశాడు, మిలాన్‌లో ముసలి వోల్టాను కలిశాడు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. డేవీ పుట్టుకతో దొర కాదు. ఆయన తండ్రి కర్ర చెక్కే పనివాడు. డేవీ కూడా చిన్నప్పుడు ఒక ఊరి వైద్యుడి దగ్గర మందులు కలిపే అప్రెంటిస్. తెలివి, కష్టం ఆయన్ను పైకి తెచ్చాయి, 1812లో సర్ బిరుదు వచ్చింది. మెట్లు ఎక్కినవాడికి కింది మెట్టు మీద ఉన్నవాడి కష్టం తెలిసి ఉండాలి. అయినా ఎక్కిన కొద్దీ కింది మెట్టును మరవడం కూడా మనిషికి అంతే సులువు. ఫారడేకు తొలి అవకాశం ఇచ్చింది డేవీయే, నేర్పిందీ ఆయనే, ఆ మేలు ఫారడే ఎన్నడూ మరవలేదు. కాని ఫారడే సొంతంగా పేరు తెచ్చుకుంటున్నప్పుడు, 1823లో రాయల్ సొసైటీ సభ్యత్వానికి అతని పేరు వస్తే, అధ్యక్షుడిగా ఉన్న డేవీ అడ్డు చెప్పాడు. మరుసటి ఏడు జనవరిలో అయినా ఫారడే ఎన్నికయ్యాడు.

వేరే బల్ల అంటే ఏమిటో పాలమూరు సంఘాలకు వివరించి చెప్పనక్కర లేదు. మన పెద్దల్లో చాలామంది వేరే గ్లాసు, వేరే బంతి చూసినవారే. చాయ్ హోటల్ బయట నిలబడి తాగినవారే. ఆ అవమానం నుంచి వచ్చిన మనం ఇప్పుడు ఎవరికి వేరే బల్ల వేస్తున్నామో చూసుకోవాలి.

అండర్సన్ పేరు

ఇంగ్లండు తిరిగి వచ్చాక ఫారడే మళ్లీ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లోనే చేరి, జీవితమంతా అక్కడే పనిచేశాడు. 1825లో ప్రయోగశాల అధిపతి అయ్యాడు. మామూలు జనానికి శుక్రవారం సాయంత్రం ఉపన్యాసాలు, పిల్లలకు క్రిస్మస్ ఉపన్యాసాలు మొదలైనది ఆయన చేతుల మీదే. 1831 ఆగస్టు 29న ఒక ఇనుప కడియానికి రెండు వైపులా తీగలు చుట్టి, ఒక వైపు కరెంటును కలిపి తీసినప్పుడల్లా రెండో వైపు ముల్లు కదలడం చూశాడు. అక్టోబరు 28న పెద్ద అయస్కాంతం ధ్రువాల మధ్య రాగి పళ్లెం తిప్పి నిలకడగా కరెంటు పుట్టించాడు. లోకంలోని జనరేటర్లన్నిటికీ ఆ పళ్లెమే తొలి రూపం. గణితం సరిగా రాని బైండింగు పనివాడు తన చేతుల నేర్పుతో సాధించిన పని అది.

అప్పటికి ఆయన కింద కూడా ఒక సహాయకుడు ఉన్నాడు. పేరు సార్జెంట్ చార్లెస్ అండర్సన్. సైన్యంలో ఫిరంగి దళంలో పనిచేసి వచ్చిన మనిషి. 1827లో కటకాల గాజు మీద ప్రయోగాలు జరుగుతున్నప్పుడు కొలిమి చూసుకోవడానికి కుదిరాడు. సైనికుడి క్రమశిక్షణ. చెప్పిన పని చెప్పినట్టు చేస్తాడు, మధ్యలో మాట్లాడడు. ఆయన గురించి ఒక ముచ్చట చెప్పుకునేవారు. ఒక సాయంత్రం ఇక ఇంటికి వెళ్లు అని చెప్పడం ఫారడే మరిచిపోయాడట. తెల్లవారి వచ్చి చూస్తే అండర్సన్ రాత్రంతా కొలిమికి బొగ్గు వేస్తూ మండిస్తూనే ఉన్నాడట.

ఈ కథను అండర్సన్ విధేయతకు మెచ్చుకోలుగా చెబుతారు. మనం దాన్ని ఇంకో వైపు నుంచి చూడాలి. నోరు తెరిచి అడగని పనివాడు దొరికాడంటే, ఇంటికి వెళ్లమని గుర్తు పెట్టుకుని చెప్పే బాధ్యత పై వాడి మీద రెట్టింపు అవుతుంది. ఇంట్లో పనిచేసే అక్క, పొలంలో జీతానికి ఉన్న తమ్ముడు, సంఘంలో కుర్చీలు సర్దే కుర్రవాడు తమంతట తాము వెళ్తామని అనరు. మనమే గుర్తు పెట్టుకుని చెప్పాలి.

ఫారడే అండర్సన్‌ను మరవలేదనడానికి రాతపూర్వకమైన సాక్ష్యం ఉంది. 1845లో కాంతి మీద అయస్కాంత ప్రభావాన్ని కనిపెట్టినప్పుడు, ఏళ్ల కిందట అండర్సన్‌తో కలిసి చేసిన ఆ గాజు ముక్కే పనికొచ్చింది. ఆ పరిశోధన పత్రంలో ఫారడే ప్రత్యేకంగా ఒక గమనిక చేర్చాడు. అండర్సన్ ఆ గాజు పని కోసం వచ్చి అప్పటి నుంచి తనతోనే ఉన్నాడని, తన పరిశోధనలన్నిటిలో సాయపడ్డాడని, ఆయన జాగ్రత్తకు, నిలకడకు, నమ్మకానికి తాను రుణపడి ఉన్నానని లోకానికి తెలిపాడు. కొలిమి ఊదిన మనిషి పేరు శాస్త్ర పత్రంలో అచ్చు వేయడం ఆ రోజుల్లో అరుదు. అండర్సన్ 1866లో చనిపోయేదాకా ఆ బంధం తెగలేదు.

మన చర్చిల గోడల మీద శిలాఫలకాలు చూడండి. ప్రారంభించిన నాయకుల పేర్లు, దాతల పేర్లు, సంఘ కాపరుల పేర్లు అందంగా చెక్కి ఉంటాయి. ఆ గోడ కట్టిన మేస్త్రీ పేరు ఎన్ని ఫలకాల మీద ఉంది? ఆ పేర్లు చెక్కిన మనిషి పేరు ఎక్కడ ఉంది?

సంచి మీద కూర్చున్న పెద్దమనిషి

1844 సెప్టెంబరు 28న ఇంగ్లండు ఉత్తరాన హాస్వెల్ బొగ్గు గనిలో పేలుడు జరిగి 95 మంది మగవారు, మగపిల్లలు చనిపోయారు. చనిపోయినవారి కుటుంబాల పక్షాన వచ్చిన విన్నపం మీద ప్రభుత్వం ఇద్దరు శాస్త్రవేత్తలను పంపింది. ఒకరు ఫారడే, ఇంకొకరు భూగర్భ శాస్త్రవేత్త చార్లెస్ లయల్. విచారణలో ఫారడే సాక్షులను ఓపికగా ప్రశ్నించాడు. తర్వాత స్వయంగా గనిలోకి దిగాడు.

గని లోపల గాలి ఎంత వేగంగా కదులుతుందో ఎలా కొలుస్తారని అక్కడి పనివారిని అడిగాడు. ఒకతను చిటికెడు తుపాకి మందు తీసి కొవ్వొత్తి మంటలో చల్లాడు. ఇంకొకతను గడియారం పట్టుకుని, ఆ పొగ ఎంతసేపటికి ఎంత దూరం పోయిందో చూశాడు. మరి ఆ మందు ఎక్కడ దాస్తారని ఫారడే అడిగాడు. సంచిలో, మూతి గట్టిగా కట్టి ఉంచుతాం అన్నారు. ఆ సంచి ఎక్కడ ఉందని మళ్లీ అడిగాడు. కాస్త తటపటాయించి నిజం చెప్పారు. పట్నం నుంచి వచ్చిన దొరగారికి కూర్చోవడానికి మెత్తగా ఉంటుందని వేసింది ఆ సంచినే. ఫారడే దాని మీదే కూర్చుని ఉన్నాడు. పక్కనే కొవ్వొత్తి వెలుగుతోంది.

నవ్వు తెప్పించే కథలా ఉంది గాని ఇందులో ప్రాణం మీదికి వచ్చే పాఠం ఉంది. ప్రమాదం ఎక్కడుందో పనివారికి తెలుసు. పెద్దమనిషికి తెలియదు. పెద్దమనిషి అడగకపోతే వారు చెప్పరు. ఎదురు చెప్పినట్టు అవుతుందేమో, కోపం వస్తుందేమో, పని పోతుందేమో అన్న జంకు వారిది. ఫారడే ఒకసారి అడిగి ఊరుకోలేదు, మూడోసారీ అడిగాడు కాబట్టి తెలిసింది. తాను తిరిగి వచ్చే ముందు చనిపోయినవారి భార్యాబిడ్డల కోసం సేకరిస్తున్న నిధికి తన వంతు ఇచ్చాడు. లయల్‌తో కలిసి రాసిన నివేదికలో, గనుల్లో గాలి సక్రమంగా ఆడే ఏర్పాట్లు చేయాలని, గని పనివారికి చదువు చెప్పించాలని సూచించాడు.

అణుపరిశ్రమలో ఈ పాఠం ఇంకా పదునుగా వర్తిస్తుంది. రేడియేషన్ కంటికి కనిపించదు, వాసన రాదు. అది ఉండే చోటికి వెళ్లే ప్రతి ఒక్కరూ ఛాతీ మీద టీఎల్‌డీ బ్యాడ్జి పెట్టుకుంటారు. అది ఒంటికి తగిలిన మోతాదును లెక్క కడుతుంది. మన దేశంలో ఉద్యోగికి ఏ ఒక్క ఏడాదిలోనూ 30 మిల్లీసీవర్టులు దాటకూడదు, ఐదేళ్ల సగటు ఏడాదికి 20 మించకూడదు. డైరెక్టరుకు ఒక కొలత, హెల్పరుకు ఒక కొలత అని ఆ బ్యాడ్జికి తెలియదు. దాని ముందు అందరి ఒళ్లూ ఒకటే.

కారుతున్న గొట్టాన్ని మొదట చూసేది దాని పక్కన నేల తుడిచే మనిషి. వదులైన బోల్టు మొదట చేతికి తగిలేది దాన్ని బిగించడానికి వచ్చిన ఫిట్టరుకు. వారు వెంటనే పైవారికి చెప్పగలగాలి. చెప్పినందుకు తిట్లు పడవని నమ్మకం ఉండాలి. నువ్వెవడివిరా నాకు చెప్పడానికి అన్న ఒక్క మాట, పది భద్రతా పరికరాలను పనికిరాకుండా చేస్తుంది. చిన్న ఉద్యోగిని గౌరవించడం మంచి మర్యాద మాత్రమే అనుకుంటే పొరపాటు. అణుకేంద్రం చుట్టూ ఉన్న ఊళ్ల క్షేమం కూడా దాని మీద ఆధారపడి ఉంది. ఆ పరిశ్రమలో ఇంజినీర్లుగా, సూపర్‌వైజర్లుగా ఉన్న విశ్వాసులు ఈ సంగతి ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలని కోరుతున్నాం.

ప్రేమ విందు బల్ల

ఫారడేకు ఈ స్వభావం ఎక్కడి నుంచి వచ్చింది? కింది మెట్టు మీద పడిన కష్టం ఒక కారణం. కాని అదే కష్టం డేవీని మార్చలేదని చూశాం. రెండో కారణం ఆయన పెరిగిన సంఘం. శాండిమేనియన్లు అనే చిన్న క్రైస్తవ సమాజంలో ఆయన పుట్టి పెరిగాడు. 1821లో సారా బర్నార్డును పెళ్లి చేసుకున్న కొద్ది వారాలకే ఆ సంఘం ఎదుట తన విశ్వాసాన్ని ఒప్పుకున్నాడు. వారిలో జీతం తీసుకునే బోధకులు లేరు, పెద్దలే వాక్యం చెప్పేవారు. ఆదివారం ఆరాధనకు, ఆరాధనకు మధ్య అందరూ కలిసి ప్రేమ విందు తినేవారు. ఒకరి పాదాలు ఒకరు కడిగే ఆచారం కూడా వారి సంప్రదాయంలో ఉంది. వారిలో ఎక్కువమంది చేతిపనివారు, చిన్న వ్యాపారులు. రాజులు ఉపన్యాసం వినడానికి వచ్చే శాస్త్రవేత్త ఆదివారం ఆ బల్ల దగ్గర వారి పక్కన కూర్చునేవాడు. 1840లో ఆ సంఘానికి పెద్దగా ఎన్నికై, పేదలను, రోగులను ఇళ్లకు వెళ్లి చూసేవాడు.

శాస్త్రాన్ని అమ్ముకుంటే ఆయన పెద్ద ధనవంతుడు అయ్యేవాడు. కంపెనీలకు సలహాలిచ్చి సంపాదించే దారిని చాలావరకు తనంతట తానే మూసుకున్నాడు. 1835లో ప్రభుత్వ పింఛను గురించి మాట్లాడడానికి పిలిచిన ప్రధాని మెల్‌బోర్న్ అలాంటి పింఛన్లను తేలిక చేసి మాట్లాడాడు. ఫారడే ఆ పింఛను వద్దని వచ్చేశాడు. ప్రధాని క్షమాపణ చెప్పాకే పుచ్చుకున్నాడు. తగ్గింపు అంటే ఎవరు ఏమన్నా తల వంచడం కాదని దీనివల్ల తెలుస్తుంది. కింది వారి దగ్గర వంగిన ఆ తల ప్రధాని దగ్గర నిటారుగా ఉంది. మనలో చాలామందికి ఇది తిరగబడి ఉంటుంది.

సర్ బిరుదు వద్దన్నాడు. రాయల్ సొసైటీ అధ్యక్ష పదవి రెండుసార్లు వచ్చినా వద్దన్నాడు. చివరిదాకా మామూలు మైకేల్ ఫారడేగానే ఉండిపోవాలన్నది ఆయన కోరిక. 1836 నుంచి దాదాపు ముప్పై ఏళ్లు ఇంగ్లండు దీపస్తంభాలకు సలహాదారుగా ఉన్నాడు. 1860లో, ఏడు పదులకు దగ్గర పడిన వయసులో, మంచు కురిసి దారులు మూసుకుపోతే పొలాలకు అడ్డం పడి నడిచి సౌత్ ఫోర్లాండ్ దీపస్తంభంలో కొత్త విద్యుత్ దీపాన్ని చూసి వచ్చాడు. కబురు పంపితే నివేదిక ఇంటికే వచ్చేది. అయినా తానే వెళ్లాడు.

1867 ఆగస్టు 25న, రాణి ఇచ్చిన హాంప్టన్ కోర్ట్ ఇంట్లో, తన కుర్చీలో కూర్చుని ఉండగానే ఆయన కన్ను మూశాడు. దేశం గొప్పవారిని పాతిపెట్టే వెస్ట్‌మినిస్టర్ ఆలయంలో చోటు ఆయనకు దొరికేదే. ఆర్భాటం వద్దన్నాడు. హైగేట్ శ్మశానంలో కొద్దిమంది బంధువులు, స్నేహితుల మధ్య సమాధి చేశారు. ఆ రాతి మీద పేరు, పుట్టిన రోజు, పోయిన రోజు తప్ప బిరుదు ఒక్కటీ లేదు.

మన సంఘాల్లో

ప్రియ పాఠకులారా, ఈ బ్రతుకు నుంచి మనం చేయగలిగినవి పెద్ద పనులు కావు. ఈ ఆదివారం నుంచే మొదలుపెట్టవచ్చు.

సెలవుకు ఇంటికి వచ్చిన కాంట్రాక్టు పనివాడిని పర్మనెంట్ ఎప్పుడవుతావని అడగడం ఆపుదాం. ఏం పని చేస్తావో చెప్పు బాబూ అని అడిగి, కూర్చుని విందాం. గేటు లోపల అతను చూసినవి, నేర్చుకున్నవి వింటే మనకు తెలియని లోకం తెలుస్తుంది. వయసులో చిన్నవాడైనా రా, పో అనకుండా పేరు పెట్టి, మర్యాదగా పిలుద్దాం. సంబంధాలు చూసేటప్పుడు హోదా కంటే ముందు నమ్మకాన్ని, కష్టపడే గుణాన్ని అడుగుదాం. సంఘంలో విందు జరిగితే ముఖ్యులకు లోపల, మిగతావారికి బయట అనే రెండు బంతులు వద్దు. కొత్త మందిరం కడితే మేస్త్రీ పేరు, కూలీల పేర్లు కూడా ఫలకం మీద చెక్కిద్దాం. రాయి మీద చోటు సరిపోకపోతే సంఘ రిజిస్టరులోనైనా రాసి పెడదాం.

మన పిల్లల్లో కొందరు ఇంజినీర్లు అవుతారు, కొందరు అధికారులు అవుతారు. ఎక్కిన వారికి చెప్పవలసిన మాట ఒకటి ఉంది. డేవీకి, ఫారడేకు తెలివిలో పెద్ద తేడా లేదు, పుట్టుకలోనూ లేదు. ఇద్దరూ కింది నుంచే వచ్చారు. తేడా వచ్చింది తమ కింద నిలబడిన మనిషి దగ్గర. ఒకరు వేరే బల్ల వేయనిచ్చారు, ఇంకొకరు సహాయకుడి పేరు అచ్చు వేయించారు. మన పిల్లలు కుర్చీలో కూర్చున్న రోజున ఈ ఇద్దరిలో ఎవరిలా ఉంటారన్నది ఇప్పుడు ఇంట్లో, సంఘంలో మనల్ని చూసి నేర్చుకుంటారు.

శిష్యుల పాదాలు కడిగిన ప్రభువు పేరు పెట్టుకున్నవారం మనం. ఆ తువాలు పట్టుకునే చోటు మన ఫ్యాక్టరీలలో, ఆఫీసుల్లో, వంటిళ్లలో, మందిరం గుమ్మం దగ్గర చెప్పుల వరుసలో కూడా ఉంది.